పిలిచినప్పుడు వెళ్ళడం: ‘ది ఫౌంటెన్’ చిత్రానికి ఒక వ్యాఖ్యానం



ఈ ఉపన్యాసం ఎవరి స్మారకమో ఆ మాస్టారు, పద్యానికి అర్థం చెప్పబోతే ముందు అన్వయం అడిగేవారని ఆయన శిష్యులందరికీ తెలుసు. ఒక్క మాట ఎటూ చెందకుండా మిగిలిపోయినా ఆ అర్థాన్ని ఒప్పుకునేవారు కారు. ఆ పద్ధతిలోనే ఇవాళ ఒక సినిమాను చదువుదామనుకుంటున్నాను. డారెన్ అరొనోఫ్‌స్కీ తీసిన ‘ది ఫౌంటెన్’ 2006లో వెనిస్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైంది. అక్కడ కొందరు గేలి చేశారు, కొందరు లేచి చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ చూసినవాళ్ళు ఆ రెండు వర్గాలుగానే ఉన్నారు.

కథ మూడు కాలాల్లో నడుస్తుంది. పదహారో శతాబ్దంలో స్పెయిన్ రాణి కోసం ఒక సైనికుడు మాయా నాగరికత అడవుల్లో జీవవృక్షాన్ని వెతుకుతాడు. మన కాలంలో టామీ అనే శాస్త్రవేత్త, మెదడులో కణితితో చనిపోతున్న భార్య ఇజ్జీని బతికించుకోవాలని కోతుల మీద మందులు ప్రయోగిస్తుంటాడు. ఎన్నో వందల ఏళ్ళ తరువాత ఒక ఒంటరి మనిషి, వాడిపోతున్న చెట్టును వెంటబెట్టుకుని, ఒక గాజుగోళంలో నక్షత్రం వైపు ప్రయాణిస్తుంటాడు. మూడింటిలోనూ హ్యూ జాక్‌మన్, రేచల్ వైజ్‌లే నటించారు.

దీనికి ప్రచారంలో ఉన్న వ్యాఖ్యానాలు ముఖ్యంగా రెండు. మొదటిది, జరిగిందంతా నిజమేనన్నది. టామీ మందు కనిపెట్టాడు, చావు లేకుండా బతికాడు, ఇజ్జీ సమాధి మీద మొలిచిన చెట్టునే మోసుకెళ్తున్నాడు. చేతుల మీద వలయాలు వలయాలుగా పొడుచుకున్న పచ్చబొట్లు అతను గడిపిన ఏళ్ళ లెక్క. బాగానే ఉంది. కానీ మాయా పూజారి కత్తి ఎత్తినప్పుడు సైనికుడి స్థానంలో పద్మాసనం వేసుకున్న ఆ భావికాలపు మనిషి ఎలా ప్రత్యక్షమయ్యాడు? ఈ అర్థంలో ఆ దృశ్యానికి చోటు లేదు.

రెండోది, సైనికుడి కథ ఇజ్జీ రాస్తున్న నవల అన్నది. చివరి అధ్యాయం రాయకుండా ఆపి, పూర్తిచెయ్యమని ఆమె భర్తకు అప్పగించింది. నక్షత్రయానం అతను రాసిన ముగింపు. పూజారి దృశ్యం ఇందులో చక్కగా ఇముడుతుంది. రాసేవాడు తన కథలోకి తానే వచ్చాడు. అయితే ఇక్కడా ఒకటి మిగిలిపోతుంది. నవలకు సంబంధం లేని మన కాలపు కథ కూడా చివర్లో మారుతుంది.

ఎలా మారుతుందో దగ్గరగా చూద్దాం. తొలి మంచు పడుతోంది, కాస్త నడిచొద్దాం రమ్మని ఇజ్జీ పిలుస్తుంది. టామీ రాలేనంటాడు, శస్త్రచికిత్స ఉంది. దానికి సిద్ధమవుతూ తీసిపెట్టిన పెళ్ళి ఉంగరం మళ్ళీ దొరకదు. ఆమె పోయాక, ఆమె ఇచ్చిన కలాన్నే సిరాలో ముంచి, ఉంగరం ఉండాల్సిన వేలి చుట్టూ పొడుచుకుంటాడు. చివరికి అదే దృశ్యం మళ్ళీ వస్తుంది. ఈసారి పనిని వదిలేసి ఆమె వెనక పరుగెత్తుతాడు. పోయిన ఉంగరం ప్రయాణికుడి వేలికి చేరుతుంది.

నా అన్వయం ఈ రెండు ఘటనల దగ్గర కుదురుతుంది. అతను వందల ఏళ్ళు బతికాడా, నవల రాశాడా అన్నది ప్రధానం కాదు. ఎలా చూసినా చిత్రం తేల్చేది ఒకటే. అతను ఓడిపోయింది చావు చేతిలో కాదు. ఆమె బతికి ఉండగా పిలిస్తే వెళ్ళకపోవడమే అతని ఓటమి. ఆ తప్పును మనసులోనైనా దిద్దుకున్నాకే అతనికి ఆమె చావును ఒప్పుకోవడం చేతనైంది.

మన సావిత్రి కథలో యముడితో వాదించి వరాలు పొందడాన్నే మనం గుర్తుపెట్టుకున్నాం. కానీ భర్త ఆయుష్షు తీరే రోజు ఆమెకు ముందే తెలుసు. ఆ రోజు అతన్ని ఒంటరిగా వదలకుండా వెంట అడవికి వెళ్ళింది. వాదం ఆ తరువాతి మాట. టామీ వాదంతోనే మొదలుపెట్టాడు.

అలాగని ఈ చిత్రం వైద్యాన్ని తక్కువ చేయదు. ఇజ్జీ కన్నుమూశాక కోతి కణితి తగ్గుతోందన్న కబురు వస్తుంది. అంటే టామీ పరిశోధన వృథా కాదు. ప్రయాణికుడి చుట్టూ కనిపించే నక్షత్ర మేఘాల్ని కూడా ఎక్కువగా కంప్యూటర్‌తో గీయలేదు. చిన్న గాజుపళ్ళెంలో రసాయన చర్యల్ని పీటర్ పార్క్స్ అతి దగ్గరగా చిత్రీకరించి ఇచ్చారు. ప్రయోగశాలలో కనిపించాల్సినదే తెర మీద ఆకాశమైంది. మందు వెతకడం, మరణాన్ని అంగీకరించడం ఒకదానికొకటి శత్రువులు కావని చెప్పడానికి ఇంతకంటే తగిన పద్ధతి నాకు కనిపించదు.

ఇజ్జీ తన చావు గురించి మాట్లాడాలనుకుంటుంది, వినలేనిది టామీయే. మన ఇళ్ళలోనూ ఇదే తంతు. జబ్బు పేరు అందరికీ తెలుస్తుంది, రోగికి తప్ప. “నీకేం కాదు” అని నోరు నొక్కేస్తాం. అది ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ ఆ మాట మన భయాన్ని దాచుకోవడానికే ఎక్కువ పనికొస్తుంది. చెప్పుకోవాల్సినవి, అప్పగించాల్సినవి ఆ మనిషి లోపలే ఉండిపోతాయి.

సినిమా చూడనివాళ్ళు చూడండి. చూసి అర్థం కాలేదన్నవాళ్ళు కాలాల లెక్క పక్కనపెట్టి, ఉంగరాన్నీ ఆ పిలుపునూ పట్టుకుని మళ్ళీ చూడండి. మీ ఇంట్లో మంచం పట్టినవాళ్ళెవరైనా ఉంటే, మందుల చీటీతో పాటు వాళ్ళ మాటకూ సమయం ఇవ్వండి. వాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళండి.