ఏరేసిన గింజ ఎక్కడికి పోతుంది?

వ్యవసాయ, ఆహార సాంకేతిక శాస్త్రాల్లో పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

స్నాతకోత్సవంలో పెద్ద కలల గురించి మాట్లాడడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక పుచ్చు గింజ గురించి మాట్లాడతాను.

అనంతపురం వైపు వానాకాలపు శనక్కాయ పీకే రోజుల్లో ముడుచుకుపోయిన కాయ ఒకటి చిదిమి, గింజను బద్దలుగా విడదీసి చూడండి. కొన్నిటి మధ్యలో పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి ఉంటుంది. అది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. అది తయారుచేసే విషం అఫ్లటాక్సిన్. బూజు దులిపేసినా విషం గింజలోనే ఉంటుంది. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి మేతలో ఈ విషం బయటపడింది. 1974లో మన దేశంలోనే, గుజరాత్ పంచమహల్, రాజస్థాన్ బాంస్‌వాడా ప్రాంతాల గిరిజన పల్లెల్లో, కోత వేళ వానకు తడిసిన మొక్కజొన్న తిని జనం కామెర్లతో, పొట్టలో నీరు చేరి పడిపోయారు. 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. వాళ్లతో పాటు అదే తిండి తిన్న కుక్కలకూ జబ్బు చేసింది. దీని మూలాన్ని శోధించినవారు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. ఇలా ఒక్కసారిగా పడగొట్టకపోయినా, కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే కాలేయ క్యాన్సర్ తెస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ.

వాతావరణ మార్పు ఈ బూజుకు బాగా కలిసొస్తోంది. కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే నేల కాగుతుంది, గింజలో తేమ తగ్గి మొక్క తనను తాను కాచుకునే శక్తి సన్నగిల్లుతుంది. నేలలో ఎప్పుడూ ఉండే బూజుకు అదే అదను. ఆపైన పీకిన కాయ ఆరే వేళకు అకాల వర్షం పడితే ఇక చెప్పక్కర్లేదు. కరువు అనంతపురానికి కొత్త కాదు. కొత్తగా తగులుకున్నది యూరప్‌కు. 2012 వేసవి ఎండలకు సెర్బియా మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్ చేరింది. అది తిన్న ఆవుల పాలలో మరుసటి ఏడు బయటపడింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లటాక్సిన్లు ఉంటే యూరప్ తిప్పి పంపుతుంది. మన హద్దు 10, ఇంకా శుద్ధి చేయాల్సిన సరుకుకు 15. అందుకే ఎగుమతిదారు రంగు మారిన గింజలు, నొక్కులు ఏరించి పక్కన పోయిస్తాడు. ఆ కుప్ప తగులబెట్టడానికి పోదు, తక్కువ ధరకు నూనె మిల్లుకు పోతుంది. నూనె తీశాక విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. చెక్క గేదె ముందుకు, గేదె తిన్నదాంట్లో కొంత పాలలోకి. 2018 నాటి జాతీయ పాల సర్వేలో 6,432 నమూనాలు పరీక్షిస్తే 368 నమూనాల్లో ఈ విషపు మరో రూపం, అఫ్లటాక్సిన్ ఎం1, హద్దు మీరి కనిపించింది. పొలంలో పరిగె ఏరుకునే కూలీ ఒడిలో పడేవీ ఆ బూజున్న నేలలో మిగిలిపోయిన కాయలే. అంటే మనం వద్దనుకున్న విషం పేదవాడి కంచంలోకీ పసిపిల్ల పాలగ్లాసులోకీ చేరుతోంది. నాణ్యత పరీక్ష పేరుతో మనం చేస్తున్నది చాలాసార్లు విషానికి చిరునామా మార్చడమే.

రైతుకు చేయదగ్గ పనులు మీకు తెలుసు. అదనులో పీకడం, కాయలు పైకి వచ్చేలా చెట్లను తిరగేసి ఆరబెట్టడం, ఒలుపు సులువవుతుందని కాయల మీద నీళ్లు చల్లకపోవడం. తక్కువ ఖర్చుతో విషాన్ని కొలిచే పరీక్షను పటాన్‌చెరు ఇక్రిశాట్ ఎప్పుడో తయారుచేసింది. విషం చేయని బూజు రకాలను పొలంలో చల్లి విషపు రకాలను గెంటేసే పద్ధతి ఆఫ్రికా రైతుల చేతికి వచ్చింది. ఇన్ని ఉన్నా పని ఎందుకు సాగడం లేదు? యార్డులో తూకానికీ గింజ కట్టుబడికీ ధర ఉంది, విషం లేకపోవడానికి లేదు. నీళ్లు చల్లని రైతుకు శ్రమ మిగిలింది, రూపాయి మిగల్లేదు.

మీలో కొందరు కొనుగోలు కేంద్రాల్లో, కొందరు దాణా కర్మాగారాల్లో, కొందరు ప్రయోగశాలల్లో చేరతారు. ఎక్కడ చేరినా మొదటి వారంలోనే ఒక ప్రశ్న అడగండి: ఇక్కడ తిరస్కరించిన సరుకు ఎక్కడికి పోతోంది? దానికి లెక్క రాయించండి. చెక్కను పరీక్షించకుండా దాణాలో కలపనివ్వకండి. శుభ్రమైన కాయకు పైధర ఇప్పించే దాకా పైవాళ్లను వదలకండి. కొత్తగా చేరినవాడికి ఇవన్నీ ఎందుకని ఎవరో ఒకరు అంటారు. తిరస్కరించిన సరుకు గురించి అడగగల చదువు మీకుందని ఈ పట్టా చెబుతోంది, వాడుకోండి.