తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే బిడ్డకు ఏ పాలు పట్టాలి?

(ప్రసవ వార్డులో రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగం)



"సిస్టరమ్మా, ఈ జబ్బు ఉన్న తల్లి బిడ్డకు పాలియ్యొచ్చా?" అని చాలామంది మమ్మల్ని చాటుగా అడుగుతారు. జవాబు సూటిగా చెబుతాను. తల్లి రోజూ ఎ.ఆర్.టి. మందులు వేసుకుంటూ ఉంటే పాలివ్వవచ్చు. అయితే మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు.

హెచ్.ఐ.వి. గర్భంలో, కాన్పులో, పాల ద్వారా బిడ్డకు సోకవచ్చు. ఏ మందూ వాడకపోతే నూటికి 15 నుండి 45 మంది పిల్లలకు సోకే ప్రమాదం ఉంది. తల్లీబిడ్డలిద్దరూ మందులు సక్రమంగా వాడితే అది 5 కంటే తక్కువకు తగ్గుతుంది. ఈ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

"డబ్బాపాలు పడితే ఆ భయమే ఉండదు కదా?" అంటారు. హెచ్.ఐ.వి. భయం తగ్గుతుంది గాని, విరేచనాల భయం పెరుగుతుంది. ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో ఇలాంటి తల్లుల పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా పాలపొడి ఇచ్చేది. 2006లో భారీ వర్షాలకు తాగునీరు కలుషితమై విరేచనాలు వ్యాపించాయి. అప్పుడు చనిపోయిన పసిపిల్లల్లో ఎక్కువమంది తల్లిపాలు తాగనివారే.

మన పటాన్‌చెరు నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. కంపెనీల వ్యర్థాలతో నక్కవాగు, చుట్టుపక్కల బోర్లు చెడిపోయాయి. నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి గాని రసాయనాలు పోవు. పాశమైలారం, ఇస్నాపూర్‌లలో ఒకే గదిలో కాపురముండే కూలీ కుటుంబం రాత్రింబవళ్లు సీసా మరగబెట్టగలదా? డబ్బా ఖర్చుకు వెనుకాడి పొడి తగ్గించి నీళ్లు పెంచితే బిడ్డ చిక్కిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదం, రెండూ కలిపి పట్టడం. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లల కంటే, వాటితోపాటు ఇతర పాలు, నీళ్లు తాగిన పిల్లలకే హెచ్.ఐ.వి. ఎక్కువగా సోకిందని అందులో తేలింది. పైపాలు పసివాని లేత పేగు పొరను దెబ్బతీస్తాయని, అక్కడి నుండి వైరస్ సులువుగా లోపలికి పోతుందని వైద్యులు భావిస్తారు.

కనుక ఇవి గుర్తుంచుకోండి:

1. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించండి. తేనె, చక్కెర నీళ్లు, గ్రైప్ వాటర్, బర్రెపాలు వద్దు. డాక్టరు రాసిన మందులు మాత్రం మానవద్దు.

2. తల్లి మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు. బిడ్డకు ఇచ్చిన సిరప్ చెప్పినన్ని వారాలు పూర్తిగా పట్టండి.

3. చనుమొనలు పగిలినా, రొమ్ము గడ్డకట్టినా, బిడ్డ నోరు పూసినా వెంటనే ఆసుపత్రికి రండి.

4. పొరపాటున ఎవరైనా పైపాలు పడితే, భయపడి తల్లిపాలు మాన్పించవద్దు. మాకు చెప్పండి.

5. ఆరు నెలలు నిండాక మెత్తని అన్నం, పప్పు మొదలుపెట్టి, కనీసం ఏడాది వరకు తల్లిపాలు కొనసాగించండి. ఒక్కసారిగా కాక నెమ్మదిగా మాన్పించండి.

6. బిడ్డకు 6 వారాలకు, 6, 12, 18 నెలలకు పరీక్షలు తప్పక చేయించండి.

తల్లి పాలివ్వలేని పరిస్థితి ఉంటే డాక్టరు సలహాతో డబ్బాపాలు మాత్రమే పట్టండి. సీసాతో కాదు, ఉగ్గుగిన్నెతో.

అత్తమ్మలారా, కోడలు మాత్ర వేసుకుంటుంటే చాటుగా మింగాల్సిన గతి పట్టించకండి. నీళ్ల గ్లాసు మీ చేత్తో ఇవ్వండి. అన్నలారా, మీరూ పరీక్ష చేయించుకోండి. ఆమె అనుమతి లేకుండా ఆమె జబ్బు సంగతి ఆసుపత్రివారు ఎవరికీ చెప్పకూడదని 2017 నాటి చట్టం ఉంది. మీరు కూడా బయట చెప్పకండి. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మందు తల్లి వేసుకుంటుంది. ధైర్యం ఇంటివాళ్లు ఇవ్వాలి. ఆ రెండూ అందితే బిడ్డ బతికి, ఆరోగ్యంగా బడికి పోతుంది.