దూరము, కాలము: పారిస్ నుండి ఇస్తాంబుల్ వరకు



ఇరువదియైదేండ్లుగా దేశదేశముల సంగతులను మన ముంగిటికి తెచ్చుచున్న ఈ గ్రంథాలయమున, "ఒక ఊరికి మరియొక ఊరు ఎంత దూరము?" అను ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ప్రశ్న చిన్నదే గాని, దానికి సమాధానము ఒక్కటి కాదు.

ఐరోపాలోని రెండు నగరములను ఉదాహరణముగా గైకొందము. ఒకటి ఫ్రాన్సు రాజధాని పారిస్. రెండవది ఆ ఖండపు ఆగ్నేయపు కొనను, బాస్ఫరస్ జలసంధికి ఇరువైపులను వెలసిన తుర్కీ నగరము ఇస్తాంబుల్. గోళముపై ఈ రెంటి నడుమ దారము బిగించి కొలిచినచో సుమారు 2,250 కిలోమీటర్లు వచ్చును. విమానము వీలైనంతవరకు ఈ దగ్గరి దారినే పట్టును. కొండలను చుట్టి, నదులను దాటిపోవు రోడ్డు మాత్రము 2,700 కిలోమీటర్లకు పైబడును.

1883లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అను రైలు పారిస్ నుండి మొదటిసారి బయలుదేరెను. ఆనాడు పట్టాలు ఇస్తాంబుల్ వరకు పూర్తి కాలేదు. ప్రయాణికులు డాన్యూబు నదిని పడవపై దాటి, మరల రైలెక్కి, వర్నా రేవున ఓడనెక్కి నగరమును చేరవలసివచ్చెను. 1889లో దారి పూర్తియైన పిమ్మటను దాదాపు మూడు దినములు పట్టెడిది. నేడు విమానము మూడున్నర గంటలలో చేర్చుచున్నది. నగరములు కదలలేదు, నేల కుదింపబడలేదు. తగ్గినది కాలము మాత్రమే.

ఆ కాలమైనను రానుపోను ఒకటి కాదు. విమానములు పోవు ఎత్తున ఐరోపాపై గాలులు ఎక్కువగా పడమటినుండి తూర్పునకు వీచును. కావున ఇస్తాంబుల్ పోవునపుడు గాలి వెనుకనుండి తోయును. తిరిగి వచ్చునపుడు ఎదురు నిలుచును. పోవుటకు మూడున్నర గంటలైనచో, వచ్చుటకు మరి పావుగంట అధికము కావచ్చును.

ఇక గడియారము సంగతి. చలికాలమున ఇస్తాంబుల్ గడియారము పారిస్ కంటె రెండు గంటలు ముందుండును. వేసవిలో ఫ్రాన్సువారు తమ గడియారమును ఒక గంట ముందుకు జరుపుదురు. తుర్కీవారు 2016 నుండి మార్చుటలేదు. అందువలన వేసవిలో భేదము ఒక గంటయే. చలికాలమున ఉదయము 10 గంటలకు పారిస్ విడిచిన విమానము అచ్చటి వేళ ప్రకారము మధ్యాహ్నము 3.30కి దిగును. టిక్కెట్టు చూచినవారు ఐదున్నర గంటల ప్రయాణమని భ్రమపడుదురు. ఉదయము 10 గంటలకు ఇస్తాంబుల్ విడిచినది పారిస్ వేళకు 11.45కే దిగును. ఎదురుగాలిలో వచ్చినదే త్వరగా వచ్చినట్లు తోచును!

ఇది ఐరోపావారి లెక్క మాత్రమే కాదు. చదువులకు, ఉద్యోగములకు మన పల్లెలనుండి విదేశములకు పోవు బిడ్డల టిక్కెట్లపైనను ఏ ఊరి వేళను ఆ ఊరి లెక్కననే ముద్రింతురు. ఈ సంగతి తెలియని తలిదండ్రులు రాత్రియెల్ల మేలుకొని, "ఇంకను దిగలేదేమి?" యని ఊరక కలతపడుదురు. దిగు ఊరి వేళను మన వేళకు మార్చి చూచుకొన్నచో ఆ కలత యుండదు.

కావున గోళమును, దేశపటముల సంపుటిని పిల్లలకే విడువక పెద్దలును ఒకమారు తిరుగవేయవలెనని కోరుచున్నాను.