చిన్న ఓడకు పలకలు పరచుట



సముద్రమునకు దూరమైన రామకృష్ణాపూర్‌లో ఓడ మాటయేల యని మీరడుగవచ్చును. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ కలదు. దానిని చూచి, గ్రంథాలయమునకు వచ్చు పిల్లలకొక బొమ్మ ఓడ చేయ బూనితిని. నిర్మల్ బొమ్మలకు వాడు పొణికి చెక్కతో అడుగుదూలమును, పక్కటెముకలను కోసితిని. సన్నని టేకు పలకలను వేడినీట నానవేసి వంచితిని.

అంతవరకు సుఖమే. తొందరపడి ఎడమప్రక్క పలకలన్నియు ముందే అంటించితిని. జిగురు ఆరి బిగియగానే అడుగుదూలము విల్లువలె వంగిపోయెను. నెలదినముల పని! ఎడమకొకటి, కుడికొకటి వేయుచు పోయినగాని ఓడ వెన్ను నిలువదు.

రెండవ చిక్కు వెడల్పు. అడుగుదూలము మొదలు పై అంచువరకు కొలువగా ఓడ నడుమ 10 సెంటీమీటర్లు, ముక్కుకడ 6 వచ్చినవి. ప్రక్కకు 20 పలకలన్నచో ఒక్కొక్కటి నడుమ 5 మిల్లీమీటర్లుండి ముక్కుకడ 3కు సన్నగిల్లవలెను. అట్లు చెక్కనిచో ఒకదానిపైనొకటి ఎక్కును. ఇది పొలము భాగములు పంచు లెక్కయే; లెక్కలలో తల నెరసిన నేనును మొదట తప్పితిని.

నా బొమ్మకు జిగురు చాలినది గాని నిజపు ఓడ మాట వేరు. అయస్కాంతశిలలు లాగునని, సముద్రపు ఓడల పలకలను ఇనుముతో కూర్పరాదని భోజుని పేరనున్న యుక్తికల్పతరువు చెప్పును. కోరమాండల్ తీరపు మసులా పడవలకు పక్కటెముకలే లేవు. పలకలను కొబ్బరినార త్రాటితో కుట్టెడివారు. అలల తాకిడికవి వంగునేగాని విరుగవు.

రెండవ ఓడ ఈ బల్లపైనున్నది. వంకరపోయిన మొదటిదానిని ప్రక్కనే యుంచితిని. పిల్లలు ముందు దానినే చేతబట్టుచున్నారు.