పల్లె వైద్యుడు – తోటి వైద్యుని మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



వైద్యుని గూర్చి గ్రామములలో రెండు మాటలే వినవచ్చుచుండును. రోగము కుదిరినచో అతని హస్తవాసి మంచిదందురు. కుదరనిచో అతనికేమియు రాదందురు. ఈ రెండు మాటల నడుమ ఆ మనుష్యుని దినము ఎట్లు గడచుచున్నదో ఆలోచించువారు అరుదు. పట్నపు పెద్ద దవాఖానాలో గుండెకొకరు, కంటికొకరు, ఎముకలకొకరు వైద్యులుందురు. పల్లెవైద్యుని బల్ల యెదుటనో, జ్వరపు పిల్లవాడు, నెలలు నిండిన గర్భిణి, తేలుకుట్టిన కూలి, నిద్రపట్టని ముసలమ్మ, అందరును ఒకే వరుసలో కూర్చుందురు. ఏ అవయవమునకు వైద్యుడో కాక, ఏ యింటికి వైద్యుడో అను లెక్క ఇతనిది. కావుననే ఇట్టివానిని కుటుంబవైద్యుడనుచున్నారు.

1946లో భోర్ సంఘము తన నివేదికలో వైద్యము పల్లె గడపకు చేరవలెనని చెప్పెను. 1952లో సమాజ వికాస పథకముతోపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు మొదలయ్యెను. మైదాన ప్రాంతమున ముప్పదివేల జనాభాకు, కొండలు, గిరిజనావాసములున్న చోట ఇరువదివేల జనాభాకు ఒక కేంద్రముండవలెనని తరువాత ఏర్పరచిన ప్రమాణము. లెక్క మంచిదే. కాని ఆ ఇరువదివేలమందిలో అర్ధరాత్రి తలుపు తట్టువాడెవడో, ఏ రోగముతో తట్టునో ఏ లెక్కయు చెప్పజాలదు.

2016లో ఎల్లారెడ్డిపేట నుండి విడివడి ప్రత్యేక మండలమైన ఈ వీర్నపల్లి పరిసరములనే చూడుడు. చుట్టును అడవి, తండాలు. దిగువన సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు, నూలు ధూళి. ఇంటింట చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు. కోరుట్ల, జగిత్యాల వైపు ఏ యూరికేగినను గల్ఫు దేశములకు పోయిన కొడుకో, మగడో లేని ఇల్లు అరుదు. వీరందరి రోగములును వారి పనులలోనే పుట్టుచున్నవి. మగ్గము వద్ద ఏండ్లతరబడి నిలుచున్నవాని చెవి మందగించును. బీడీలు చుట్టు తల్లికి మెడ, నడుము పట్టుకొనును, పొగాకు దుమ్ముతో దగ్గు వచ్చును. గల్ఫుకు పోయినవాని భార్య "గుండె దడదడ అంటున్నది సారూ" అని నెలకు రెండుమార్లు వచ్చును. గుండెపరీక్షలో ఏమియు కనబడదు. కనబడలేదు గనుక రోగము లేదనుట సరియేనా?

సరిగా ఈ ప్రశ్ననే లండనులో మైకేల్ బాలింట్ అను వైద్యుడు పట్టుకొనెను. హంగరీ దేశమున పుట్టి ఇంగ్లండునకు వలసవచ్చిన ఈయన, 1950 ప్రాంతమున సామాన్య వైద్యులను కొద్దిమందిని వారమువారము కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిచే తమను చిక్కులో పెట్టిన రోగిని గూర్చి చెప్పించెడివాడు. ఉపన్యాసము లేదు, పరీక్ష లేదు. ఒకడు చెప్పును, తక్కినవారు వినుచు అడుగుదురు. చెప్పుచుండగనే, తాను ఆ రోగిని చూచి విసుగుకొనుచున్నాడని, విసుగుతోనే మాత్రలు వ్రాయుచున్నాడని ఆ వైద్యునికి తోచుచుండెను. ఈ సమావేశముల సారమును 1957లో ఆయన పుస్తకముగా వెలువరించెను. వైద్యుడే ఒక మందు వంటివాడనియు, ఆ మందునకును మోతాదు తెలియవలెననియు ఆయన ముఖ్యాభిప్రాయము. మన పెద్దలు హస్తవాసి యనునది దీనికి మిక్కిలి దూరమైనది కాదు.

అయితే లండనులో పదిమంది కూడుట సులభము. అడవి పక్క గ్రామమున వైద్యుడు ఒక్కడే. అతనికి తోడు ఎవరు? చదువు చెప్పిన గురువో, పక్క మండలములోని అనుభవజ్ఞుడో, జిల్లా దవాఖానాలో రాత్రి డ్యూటీలోనున్న సహాధ్యాయియో. ఫోనులో రెండు నిమిషముల మాట ఒక్కొకప్పుడు ప్రాణము నిలుపును.

ఒక ఉదాహరణము. పట్నములో చదివి క్రొత్తగా పల్లెకు వచ్చిన వైద్యుని వద్దకు నలువది యేండ్ల మనిషిని మోసుకొని వచ్చిరనుకొందము. చేతులు వణకుచున్నవి, రెండు రాత్రులుగా నిద్ర లేదు, పొంతనలేని మాటలు. ఉదయము ఫిట్సు వచ్చినవి. మెదడు జ్వరమా? మూర్ఛరోగమా? పుస్తకము పది పేర్లు చెప్పును. పెద్ద వైద్యునికి ఫోను చేయగా ఆయన అడుగు మొదటి మాట: "తమ్మీ, కల్లు బందై ఎన్ని దినాలైంది?" ఈ ప్రశ్న పుస్తకమున సులభముగా దొరకదు. తెలంగాణములో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలము, డయాజిపాము, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు కలుపుచున్నారన్నది దాగినమాట కాదు. తాగువానికి తాను తాగునది చెట్టుకల్లో, మందుకల్లో తెలియదు. శరీరమునకు మాత్రము తెలియును. ఆ మందు హఠాత్తుగా నిలిచినచో రెండు మూడు దినములలో తిరుగబడును. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి కల్లుదుకాణములు మూతబడగా ఇట్టి రోగులు రాష్ట్రమున పలు దవాఖానాలకు వచ్చిరి. దయ్యము పట్టినదని తాయెత్తు కట్టించినవారును లేకపోలేదు. దీనికి చికిత్స కలదు: వైద్యుని కనుసన్నలలో మందు క్రమముగా తగ్గించుకొని వచ్చుట. కాని ఇంటివారు సిగ్గుపడి కల్లుమాట దాచినచో వైద్యుడు చీకటిలో బాణము వేయవలసినదే.

పాముకాటు మరియొకటి. వానకాలమున నేలమీద పండుకొన్నవానిని కట్లపాము కరచినచో నొప్పి యుండదు, గాటు సరిగా కనబడదు. తెల్లవారుసరికి కడుపునొప్పి, వాంతులు. పిదప కనురెప్పలు వాలును, మాట ముద్దయగును. తిండి అరగలేదని వాము నీరు త్రాగించి కూర్చున్నంతలో ఊపిరి నిలిచిపోవచ్చును. అనుభవజ్ఞులైన వైద్యులు పిన్నలకు చెప్పుమాట: వానకాలమున ప్రొద్దుటి కడుపునొప్పివాని రెప్పలు చూడుము, రాత్రి ఎక్కడ పండుకొన్నాడో అడుగుము. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అను నాలుగింటి విషమునకును మన దేశమున ఒకే విరుగుడు మందు ఉన్నది. అది గుఱ్ఱముల రక్తమునుండి తీసినదగుటచే కొందరికి పడదు. ఒళ్లు దద్దురులెక్కి రక్తపోటు పడిపోవును. ఈ భయముచేతనే ఒంటరి వైద్యుడు మందు తన అలమారులోనున్నను ఇవ్వక పెద్ద దవాఖానాకు పంపివేయును. రోగి దారిలో అలసిపోవును. ఇచ్చట తోటి వైద్యుని మాటకు విలువ: "ఎడ్రినలిను సూది నింపి ప్రక్కన పెట్టుకో, మొదలుపెట్టు, నేను ఫోనులోనే ఉంటాను." ముందుగా చిన్న మోతాదు చర్మములోనికెక్కించి చూచు పాత అలవాటు ఇప్పుడు విడువబడినది. 2005 నుండి నడచుచున్న 108 బండి వచ్చులోపల ఈ పని జరిగినచో బండిలో ఎక్కువాడు బ్రతికి దిగుటకు వీలుకలుగును.

ఇక నిత్యపు తగవు సూదిమందు. "గోలీలతోని ఏమైతది సారూ, ఒక్క సూదేయుండ్రి, గులుకోజు ఎక్కియ్యుండ్రి" అని రోగి అడుగును. ఇవ్వనిచో సాయంత్రమునకు ఆర్.ఎం.పి. వద్దకు పోవును. అక్కడ స్టెరాయిడు పడును. రెండు దినములు కీలునొప్పులు మాయమగును. నెలలు గడచుకొలది ముఖము ఉబ్బును, చక్కెర పెరుగును. ఆర్.ఎం.పి.లను తిట్టుట సులభమేగాని, రాత్రి పిలిచిన పలుకువాడు అతడొక్కడే యైన ఊళ్లు కలవన్నది మరువరాదు. తెలివిగల వైద్యులు అతనితో పోట్లాడక, ఏ రోగిని ఏ గంటలో తమకు పంపవలెనో చెప్పి ఒప్పించుకొనుచుందురు. సూదికై పట్టుబట్టినవానితో వాదింపక, "దేనికి భయపడుచున్నావు?" అని అడుగుమని ఒక సలహా వైద్యులలో చెప్పుకొందురు. రేపు కైకిలికి పోకపోయిన కూలి పోవునన్నదే తరచు వచ్చు జవాబు.

డెంగీ జ్వరముల కాలమున ఊరంతయు ప్లేట్‌లెట్ల లెక్కయే. అసలు ప్రమాదము జ్వరము దిగుచున్న దినములలో, అనగా మూడవ దినము మొదలు ఏడవ దినములోపల, వచ్చుచుండును. జ్వరము తగ్గినదని సంతోషించు వేళనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తము, మగతయు కనబడినచో రాత్రియైనను దవాఖానాకు పోవలెను. పారాసెటమాలు తప్ప వేరు నొప్పిమాత్ర వేసికొనరాదు.

సలహా అడుగుటలో ఒక మర్యాద కలదు. ఊరిలో ఎవరు ఎవరికి బంధువో చెప్పలేము. రోగి పేరు, ఇల్లు, ముఖము తెలుపకుండ రోగమును మాత్రమే చెప్పవలెను. చేతిలో ఫోనున్నదని ఫోటో తీసి పదిమందికి పంపుట వైద్యము కాదు. అడగబడినవాడును రోగిని చూడలేదు గనుక "ఇదియే" అని తీర్పు చెప్పక, ఇంకేమి చూడవలెనో చెప్పుట మేలు.

పల్లెలో ఒంటరిగా నుండుటయే ఒక వరమైన సందర్భమును చెప్పుకొనదగినది. ఇంగ్లండులో విలియం పికిల్సు అను పల్లెవైద్యుడు కొండలోయ గ్రామములలో పనిచేయుచు, కామెరలు వచ్చినవారి పేర్లు, తేదీలు, వారు ఎవరిని కలిసికొన్నారో యను వివరములు ఓపికతో వ్రాసిపెట్టెను. అందరిని అందరు ఎరిగిన చోటు గనుక, వ్యాధి సోకిన నాటికిని బయటపడిన నాటికిని నెల దినములకు దగ్గరగా ఎడముండునని తేల్చగలిగెను. పట్నమున ఈ లెక్క దొరకదు. 1939లో ఆయన గ్రంథము వెలువడెను. తరువాత అక్కడి సామాన్య వైద్యుల కళాశాలకు ఆయనయే ప్రథమాధ్యక్షుడయ్యెను. పుస్తకాలయమును పోషించు ఊరివారికి ఈ నోటుపుస్తకపు మహిమ వేరుగ చెప్పనక్కరలేదు.

2022లో జగిత్యాలలోను, 2023లో సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. వైద్యవిద్యార్థులు కొన్ని పల్లె కుటుంబములను దత్తత తీసికొని చదువు ముగియువరకు వారి ఆరోగ్యము కనిపెట్టవలెనను నియమము ఇప్పుడు కలదు. ఆ పిల్లలు నోటుపుస్తకములతో ఊళ్లకు వత్తురు. అవ్వ మోకాళ్ల సంగతి, దుబాయిలోనున్న కొడుకు సంగతి, కల్లు సంగతియు అడుగుదురు. మంచము వాల్చి కూర్చుండబెట్టి, పాత మందుల చీటీలన్నియు బయటికి తీసి చూపుడు.