పేరు చెక్కిన చాకు, పేరు లేని ఉక్కు



గతించిన పెద్దలను స్మరించుటకు వారి గుణములను వర్ణించుట యొక మార్గము. వారు ప్రీతితో చింతించిన విషయమును నలుగురితో గలసి మరల చింతించుట యింకొక మార్గము. ఎవరి స్మృతికై మన మిచట గూడితిమో ఆ ఉపాధ్యాయులు ఈ చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతపు గ్రామములలోని పాత పనిముట్లను, విశేషించి కత్తులను చాకులను, పుస్తకములను జూచినంత శ్రద్ధతో జూచెడివారు గనుక, నేను రెండవ మార్గము నవలంబించి, చాకుల సేకరణము నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని. యుద్ధఖడ్గముల చరిత్ర వ్రాసినవారు పెక్కురు. జేబులో నిమిడి, పెన్సిలు చెక్కి, మామిడికాయ కోసి, పగ్గము తెంపి, సాయంకాలమునకు మరల జేబులోనికే చేరెడి మడతచాకునకును చరిత్ర గలదని తలచినవారు స్వల్పసంఖ్యాకులు. అట్టివారు మెండుగా నున్న దేశము అమెరికా. అచటివారి సేకరణపద్ధతిని దెలిసికొని, దానినుండి మనము గ్రహింపదగిన దేమియో విచారించుట నా యుద్దేశము.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున అమెరికావారు వాడిన చాకులలో నధికభాగము ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమునుండి ఓడలపై దిగినవే. జాన్ రస్సెల్ అనునతడు 1834 ప్రాంతమున మాసచూసెట్సు రాష్ట్రములో గ్రీన్ నది చేరువను కర్మశాల నెలకొల్పి, మొదట ఉలులను, పిదప కసాయివారికిని, వేటగాండ్రకును, వంటయిండ్లకును వలయు కత్తులను చేయించుచు, షెఫీల్డు సరకుతో పోటీకి నిలిచెను. మడతచాకుల పని యింతకంటె సూక్ష్మము. అలుగు, విల్లు (స్ప్రింగు), పిడిరేకులు, మేకులు అన్నియు వెండ్రుకవాసి తేడా లేక కూడవలెను. ఆ నేర్పుగల పనివారు షెఫీల్డునుండి వలసవచ్చిన పిమ్మటనే కనెక్టికట్ రాష్ట్రమున 1843లో వాటర్‌విల్ కంపెనీయు, 1844లో లేక్‌విల్ గ్రామమున హాలీ కంపెనీయు ఆ పనికి బూనుకొనెను. 1890లో అమెరికా ప్రభుత్వము మెకిన్లీ శాసనముచే విదేశపు సరకుపై సుంకము పెంచగా షెఫీల్డు వర్తకము కుంటువడి, స్వదేశపు కర్మశాలలు బలిసినవి.

రస్సెల్ కంపెనీ 1870లో టర్నర్స్ ఫాల్స్ పట్టణమునకు తరలి, 1875 ప్రాంతమున బార్లో యను చాకును చేయ నారంభించెను. బార్లో రూపము షెఫీల్డునుండి వచ్చినదే: ఎముక పిడి, పిడి మొదట పొడవైన యినుపతొడుగు, ఒకటి రెండు అలుగులు, అంతకుమించి అలంకార మేదియు లేదు. రస్సెల్ దాని తొడుగుపై బాణముచే గ్రుచ్చబడిన ‘ఆర్’ అక్షరమును ముద్రించెను. పేదబాలురును గొనగల వెల యగుటచే ఆ ముద్ర దేశమంతట వ్యాపించెను. మార్క్ ట్వేన్ 1876లో ప్రకటించిన టామ్ సాయర్ కథలో, బైబిలు వాక్యములు కంఠస్థము చేసినందులకు బాలునకు బార్లో చాకు బహుమానముగా లభించును. దానితో నేదియు తెగదు. అయినను అది నిజమైన బార్లో యని వాడు పొంగిపోవును. పదునుకంటె పేరే ఘనమైనపు డేమగునో ఆ హాస్యకారు డచట జూపినాడు.

ఈ పేరుమీదనే అమెరికా సేకరణవిద్య యంతయు నాధారపడి యున్నది. పాత చాకు చేతికి రాగానే సేకరణకర్త పిడి యందమును జూచి మోసపోడు. బొటనవ్రేలి గోరును అలుగు గాడిలో నుంచి మెల్లగా తెరచును. విల్లు బిగువుగా నుండి, అలుగు తుదకు వచ్చినపుడు టక్కున పలికినచో తల యూపును. తరువాత అలుగు మొదట, కీలునకు దగ్గరగా, సానపట్టెడివాని చేయి సోకని చిన్న చదరముమీదికి దృష్టి పోవును. అచ్చట కంపెనీ పేరు, ఊరు, ఒక్కొకప్పుడు సంఖ్యయు ముద్రితమై యుండును. ఆ ముద్ర కాలక్రమమున మారుచు వచ్చినది గనుక, అక్షరముల తీరును బట్టియే చాకు వయస్సు నిర్ణయింతురు. మెకిన్లీ శాసనము విదేశపు సరకుపై పుట్టిన దేశము పేరుండవలెనని విధించుటచే, దేశనామము గల షెఫీల్డు చాకు సాధారణముగా 1891కి తరువాతిదని చెప్పవచ్చును. అలుగు పూర్ణముగా నున్నదా, సానకు అరిగి సన్నగిల్లినదా, పిడి మొదటిదేనా, మధ్యలో మార్చినదా యని పిమ్మట విచారింతురు. కాలముచే నేర్పడిన నలుపును రుద్ది మెరుగుపెట్టిన చాకునకు వారి యొద్ద విలువ తగ్గును, ఏలయన ఆ రుద్దుడుతో ముద్రయు సాక్ష్యమును గూడ కొంత చెరగిపోవును.

ఇక మన తెలంగాణమునకు వత్తము. షెఫీల్డు కీర్తికి పూర్వమే, ఉక్కునకు లోకమంతట పేరొందిన దేశము గోలకొండ రాజ్యము. పదునేడవ శతాబ్దమున గోలకొండను దర్శించిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, పారశీకమున నీటి యలలవంటి చారలు దేరు ఖడ్గములకు వలయు ఉక్కు గోలకొండ రాజ్యమునుండియే వచ్చుననియు, అది చిన్న రొట్టెయంత ముద్దలుగా నమ్మబడుననియు, గుణపరీక్షకై దానిని రెండుగా కోయుదురనియు వ్రాసినాడు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఆ పనికి ప్రసిద్ధమైన గ్రామము. హైదరాబాదున నివసించిన వైద్యుడును, భూగర్భశాస్త్రజ్ఞుడును నగు హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార జూచి వ్రాసిన వ్యాసము, 1824లో నాతడు మృతినొందిన తరువాత, 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడినది. రెండు తావులనుండి తెచ్చిన రెండు విధముల యినుమును మట్టిమూసలో నుంచి, మూత వేసి, కొలిమిలో బెట్టి, తిత్తులవారు వంతులవారీగా మారుచు అహోరాత్రము గాలి యూదిన పిదప, మూసను మెల్లగా చల్లార్చి, లోని ముద్దను మరల కాచి మెత్తపరచెడివారు. ఆ యుక్కును గొనుటకు ఇస్ఫహానునుండి వర్తకు లా పల్లెకు వచ్చి, పని ముగియువరకు కాచుకొని యుండెడివారు.

మన దేశపు ఉక్కునకును ఇంగ్లండు చాకునకును సంబంధ మొకటి గలదు. బొంబాయినుండి డాక్టర్ హెలెనస్ స్కాట్ పంపిన ఉక్కుముద్దలను లండనులో జార్జి పియర్సన్ పరీక్షించి 1795లో రాయల్ సొసైటీకి నివేదించెను. ఆ పరీక్షలో భాగముగా, ఆయన కోరికపై, జేమ్స్ స్టోడార్ట్ అను పనిముట్ల తయారీదారు ఆ యుక్కుతో చేసినది ఖడ్గము కాదు, కలము చెక్కు చిన్నచాకు. దాని పదును శ్రేష్ఠమైన ఉక్కుచాకు పదునునకు తీసిపోలేదని తేలినది. పిమ్మట స్టోడార్ట్ హిందూదేశపు ఉక్కుతో శస్త్రములు చేయుదునని తన వ్యాపారపత్రముమీద ప్రకటించుకొనుటయే గాక, మైకేల్ ఫారడేతో గూడి ఆ యుక్కు రహస్యమును శోధించెను. స్టోడార్ట్ పేరు నిలిచినది, ఫారడే పేరు నిలిచినది. ముద్దను కరగించినవాని పేరెచటను లేదు.

ఈ లోపమునకు కారణము మన కమ్మరుల యశక్తి గాదు. రస్సెల్ తన చాకును వేలమైళ్ళ దూరమున, ముఖపరిచయము లేనివానికి అమ్మెను. కావున ముద్రయే పరిచయమయ్యెను. మన కమ్మరి తన కొడవలిని పొరుగింటి రైతునకిచ్చెను, పంటనాడు గింజలు పుచ్చుకొనెను. ఆ కొడవలి యెవరిదని యూరిలో నెవ్వరు నడుగవలసిన పని లేదు. ఊరు చెదరి, కొలిమి చల్లారిన నాడే ఆ యెఱుక మాసిపోవును.

హైదరాబాదున సాలార్‌జంగు మ్యూజియమునకు బోయినచో మూడవ విధము గోచరించును. ఆజన్మబ్రహ్మచారియై, 1949లో మృతినొందువరకు వస్తుసేకరణమునకే జీవితము ధారవోసిన మూడవ సాలార్‌జంగు మీర్ యూసఫ్ అలీఖాన్ సంపాదించిన వస్తువులలో, జహంగీరు బాకును, నూర్జహాను పండ్లుకోసిన చాకును గలవు. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ మ్యూజియమును ప్రారంభించెను. పండ్లుకోయు చాకును జనులు నిలిచి చూచుట దాని యజమానురాలి పేరునుబట్టియే. అమెరికా చాకునకు చేసినవాని పేరు, రాచచాకునకు వాడినవారి పేరు గౌరవము దెచ్చినవి. మన పల్లెకత్తి రెంటికిని దూరమైనది. ఈ మొయినాబాదు మండలపు పెద్దమంగళారమున 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డిగారి పేర 1978లో జిల్లాయే వెలసినది. నాయకుల పేర్లు నిలుపుకొనుట మనకు తెలియును. ఆ గ్రామమున వారి కాలపు నాగళ్ళకు కఱ్ఱులు సాగదీసిన కమ్మరి పేరు నేడు చెప్పగలవా రెవరు?

కావున అమెరికావారినుండి మనము గ్రహింపవలసినది వారి ధరల పట్టిక గాదు, వారి సాక్ష్యనిష్ఠ. వారి చాకు తన పేరు తాను చెప్పును. మన కత్తికి మనమే ఆ పేరు చేర్పవలెను. ఈతచెట్టెక్కు గౌడుల గీతకత్తి, కూరలు తరుగు కత్తిపీట, వక్కలు కత్తిరించు అడకత్తెర, మంగలికత్తి, తోళ్ళు కోయువారి ఱంపె, పశువుల పాకలో చూరున దోపిన పాతచాకు, ఇవి బీజాపురపు బాట కిరువైపులనున్న గ్రామములలో నింకను దొరకును. ఒక్కొక్కదానికి చీటి కట్టి, చేసిన కమ్మరి పేరు, ఊరు, ఉక్కు దెచ్చిన తావు, వాడిన యిల్లు, చేసిన పని వ్రాయుడు. లారీ కమానుపట్టీని సాగగొట్టి చేసినదైన నదియు వ్రాయుడు, అదియు చరిత్రయే. ఇసుకతోను చింతపండుతోను తోమకుడు. పొడిగుడ్డతో తుడిచి పలుచగా నూనె పూసిన చాలును. నూరేండ్లు దాటిన వస్తువు 1972 నాటి శాసనము ప్రకారము పురావస్తువు కావచ్చును గనుక, విదేశములకు పంపు వర్తకుని మాటలకు లోబడకుడు.

ఉపాధ్యాయుని పేర జరుగు సభ గనుక పాఠశాలతోనే ముగింతును. చేవెళ్ళయందు నొకటి, మొయినాబాదునం దొకటి, బడిలోనే చిన్న అలమారును, ఒక దస్త్రమును ఏర్పరచి, విద్యార్థులచేతనే వివరములు వ్రాయింతుము. వస్తువు నియ్య నిష్టములేనివా రుంచుకొనవచ్చును, వివరము మాత్ర మిచ్చిన చాలును. ముదుసలి కమ్మరులు చెప్పగలిగి యుండగానే ఈ పని చేయవలెను. అలుగు వేచియుండును గాని చెప్పువారు వేచియుండరు. ఈ సంవత్సరమే దీని నారంభింపవలసినదిగా సభవారిని ప్రార్థించుచున్నాను.