ఇంట్లో బొమ్మ ఆగిపోతోందా?

సూరత్‌ లింబాయత్‌లో మరమగ్గాలను నమ్ముకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. మీదీ అలాంటి కుటుంబమే, సొంతూళ్లో జరిగిన పెళ్లి వీడియోలను నాస్‌లో, అంటే రౌటర్‌కు కలిపే హార్డ్ డిస్కు పెట్టెలో, దాచుకున్నారనుకోండి. టీవీలో బొమ్మ ఆగి ఆగి వస్తోందా?

ఇంటర్నెట్ ప్లాన్ పెంచకండి. ఈ బొమ్మ బయటినుంచి రాదు, ఇంట్లోనే నడుస్తుంది. ముందు పెట్టెను రౌటర్‌కు కేబుల్‌తో కలపండి. వీలైతే టీవీని కూడా.

టీవీలో పెట్టె పేరు అసలు కనిపించడం లేదా? టీవీ గెస్ట్ వైఫైలో, అంటే అతిథుల కోసం వేరుగా ఉంచే వైఫైలో, ఉందేమో చూడండి. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి.

ఒక్క వీడియోనే మొరాయిస్తోందా? దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టండి. అక్కడా ఆడకపోతే, ఆ ఫైలు రకం టీవీకి పడటం లేదేమో.

మరోసారి చెబుతున్నాను. ముందు కేబుల్, తర్వాత నెట్‌వర్క్, చివరగా ఫైలు. ఈ మూడూ చూశాకే మెకానిక్‌ను పిలవండి.